ఖాళీ గిన్నె ఇవ్వకూడదు

సోమవారం పొద్దున్న ఆరింటికి సత్యవతమ్మగారు గేటు సగమే తీసి, "ఇవాళ నాకు కుదరదమ్మా" అన్నారు. ఎందుకు కుదరదో చెప్పలేదు.

దుర్గాశ్రీ చంకలో మూడేళ్ళ చిన్ను ఇంకా సగం నిద్రలోనే ఉన్నాడు. భుజాన క్యారేజీ సంచి. తల తడి ఆరలేదు. ఆరున్నరకి కనకాలపేట మలుపులోకి రొయ్యల షెడ్డు బస్సు వస్తుంది. వచ్చి ఒక్క హారన్ కొడుతుంది. రెండోది కొట్టే అలవాటు ఆ డ్రైవరుకి లేదు.

"సరేలెండి పిన్నిగారూ" అనేసి దుర్గాశ్రీ వెనక్కి తిరిగింది.

రెండిళ్ళ అవతలే తన వాటా. ఒక గది, చిన్న వంటిల్లు, వెనకాల నీళ్ళ గాబు. గదిలో పదకొండేళ్ళ సాయిదివ్య రిబ్బను నోట కరుచుకుని రెండో జడ అల్లుకుంటోంది. తల్లి చంకలో తమ్ముడు అలాగే తిరిగి రావడం చూసి చేతులు ఆపేసింది.

"మామ్మగారికి కుదరదంటమ్మా. ఈ ఒక్కరోజూ తమ్ముణ్ణి చూసుకో. అన్నం వండేశాను. గాబు దగ్గరికి మాత్రం వెళ్ళనివ్వకు."

"ఒక్కరోజేనా?"

"ఒక్కరోజే."

ఆ మాట అంటూనే దుర్గాశ్రీ గుమ్మం దగ్గర ఆగింది. ఇదే మాట, ఇలాగే గుమ్మంలో నిలబడి, వాళ్ళమ్మ తనతో అంది. అప్పుడు తను ఎనిమిదో తరగతి. తాళ్ళరేవు అవతల ఓ పల్లె. ఊడుపుల రోజులు. "ఈ ఒక్కరోజూ తమ్ముణ్ణి చూసుకోవే" అని వెళ్ళిన అమ్మ సాయంత్రం బురద కాళ్ళతో వచ్చింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఊడుపులయ్యాక కలుపులొచ్చాయి, కలుపులయ్యాక కోతలొచ్చాయి. నువ్వింక బడికెళ్ళొద్దని ఇంట్లో ఎవరూ అనలేదు, ఏ రోజుకారోజే గడిచిపోయింది. ఏడాది చివర పుస్తకాల సంచి అటక మీదకి చేరింది. అప్పుడు తను ఎత్తుకు తిరిగిన తమ్ముడు ఇప్పుడు డిగ్రీ పాసై ఉద్యోగం చేస్తున్నాడు. "మా అక్కకి ఏమీ తెలీదు పాపం" అంటుంటాడు, ప్రేమగానే.

సాయిదివ్య నోట్లోంచి రిబ్బను తీసి కిటికీలో పెట్టింది. అల్లిన జడ అల్లినట్టు ఉంది, అల్లనిది వదులుగా ఉంది. చిన్నుని అందుకుంది.

బస్సులో పక్కన కూర్చున్న నాగలక్ష్మి అడిగింది. షెడ్డులో ఇద్దరిదీ ఒకటే టేబులు, ఆమెది మెట్టకూరు.

"పిల్లాణ్ణి ఎవరి దగ్గరుంచావే?"

"దివ్య దగ్గర."

"హమ్మయ్య. ఇంట్లో ఆడపిల్ల ఉండగా నీకేం దిగులు? దాని పెళ్ళయ్యేదాకా నిశ్చింతగా షెడ్డుకి రావచ్చు నువ్వు."

నాగలక్ష్మి నోరు పెద్దది గాని మనసు మంచిదే. దుర్గాశ్రీ నవ్వబోయింది. నవ్వుకి బదులు ఆవులింత వచ్చింది.

ఆ షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టి నాలుగు నెలలు. మొగుడు మణికంఠ రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. ఈ యేడు ఆ చెరువుకి రోగం తగిలింది. పిల్ల బడికి ఏ లోటూ రాకూడదని తను పనిలోకి దిగింది. రోజంతా ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీయడం. సాయంత్రానికి వేళ్ళు తనవి కానట్టు ఉంటాయి. ఎంత రుద్దినా వాసన పోదు. అన్నం కలిపి నోటి దాకా తెచ్చుకుంటే ఆ వాసనే.

ఇదంతా నడుస్తోంది అంటే సత్యవతమ్మగారి చలవే. మొదటిరోజు ఆవిడే అన్నారు, "నా దగ్గర వదిలేసి వెళ్ళవే, పిల్లాడు ఎదురుగా తిరుగుతుంటే ఆయనకీ కాలక్షేపం" అని. ఆయనంటే ఆవిడ భర్త వెంకటరమణగారు. పోయిన దసరాకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట ముద్దయింది. కిటికీ పక్కన మంచం మీద ఉంటారు. అలాంటి ఇంట్లో ఆవిడకి చేతినిండా పనే. అయినా చిన్నుకి అన్నం తినిపించి, పడుకోబెట్టి, బొట్టు కూడా దిద్ది పంపేవారు.

మరిప్పుడు ఏమైంది? సోమవారం అంతా రొయ్యలు తీస్తూ దుర్గాశ్రీ అదే ఆలోచించింది. శనివారం పొద్దున్న బాగానే మాట్లాడారు. ఆదివారం షెడ్డు సెలవు, బట్టల ఉతుకుతోనే సరిపోయింది. ఆవిడ కనపడలేదు, తనూ వెళ్ళలేదు. చిన్ను ఏమన్నా పగలగొట్టాడా? పక్క తడిపాడా? అడుగుదామా అనుకుంది. అడిగితే ఆవిడ నోటి వెంట, "ఇంక తీసుకురాకమ్మా" అన్న మాట వచ్చేస్తుందేమో. అడగనంత సేపూ ఆ మాట రాదు.

మంగళవారం గేటు కూడా తీయలేదు. వరండాలోంచే, "ఇవాళా కుదరదు" అన్నారు. దుర్గాశ్రీ మళ్ళీ "సరేనండి" అంది. తిరిగి వస్తుంటే పిట్టగోడ మీద ఓ స్టీలు గిన్నె కనిపించింది. పైన ప్లేటు, ప్లేటు మీద ఓ రాయి. కాకులకేమన్నా పెట్టారేమో అనుకుంది.

మంగళవారం సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి సాయిదివ్య తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకుని సోషల్ పుస్తకం తిప్పుతోంది. పుస్తకం నిండా బిస్కెట్ పొడి. ఒక పేజీ చివర చిరిగింది.

"రేపు యూనిట్ టెస్టంటమ్మా. మా క్లాసు స్వాతి బడి నుంచి వెళ్తూ చెప్పింది. రేపు కూడా ఒక్కరోజేనా?"

దెప్పడం కాదు, నిజంగానే అడిగింది. దుర్గాశ్రీ ఫోను తీసి మణికంఠకి చేసింది. వెనక చెరువులో నీళ్ళు చిలికే మోటారు చప్పుడు.

"ఏంటే?"

"పిన్నిగారు చిన్నుని ఉంచుకోవట్లేదు."

"దివ్య ఉందిగా."

"దానికి రేపు పరీక్ష."

"ఏం పరీక్ష?"

"సోషల్."

"ఓస్, సోషలేగా. లెక్కలైతే ఆలోచించాలి గాని. ఇంకో రెండ్రోజులు ఉంచెయ్, నేనొచ్చాక చూద్దాం."

ఫోను పెట్టేసి గోడకి చేరగిలబడింది. కాళ్ళు లాగేస్తున్నాయి. తమ్ముణ్ణి ఎత్తుకున్న పిల్ల చేతుల వైపు చూసింది. పుల్లల్లా ఉన్నాయి. ఎదిగే పిల్ల, ఒంటికి బలమని చిమ్మిలి చేసి పెడదామని పోయిన నెల నల్లనువ్వులు, బెల్లం తెచ్చింది. తెచ్చింది తెచ్చినట్టే ఉంది. ఈ పూట చెయ్యకపోతే ఇంక చెయ్యను అనుకుని లేచి, వంటింట్లో డబ్బా మూత తీసింది. అడుగున గుప్పెడు మిగిలాయి.

"నువ్వులేవే దివ్యా?"

"మామ్మగారి గిన్నెలో వేసిచ్చాను."

"ఏ గిన్నె?"

"అరటిదూట పెరుగుపచ్చడి పంపారు కదా, ఆ గిన్నె. శనివారం ఇచ్చెయ్యమన్నావు కదా నువ్వు? ఖాళీ గిన్నె ఇవ్వకూడదు, ఏదో ఒకటి వేసి ఇవ్వు అన్నావు."

"నల్లనువ్వులు వేశావా?"

"పంచదార అయిపోయింది. కందిపప్పు వేస్తే నువ్వు తిడతావు. నువ్వులైతే నువ్వెలాగూ వాడట్లేదు కదా అని. నిండుగా వేశానమ్మా, తలకొట్టి." పిల్ల మొహంలో కొంచెం గర్వం కూడా ఉంది.

దుర్గాశ్రీ డబ్బా పట్టుకుని అక్కడే కూలబడింది.

ఇంటికెవరైనా వస్తే లేచి నిలబడమని నేర్పింది. మంచినీళ్ళ గ్లాసులో వేళ్ళు ముంచకుండా పట్టుకోమని నేర్పింది. ఒకరింటికెళ్తే మంచాల మీద కూర్చోకూడదని, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో దూరకూడదని, లేచి వెళ్ళకూడదని, పెట్టింది వదలకుండా తినమని, గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వొద్దని. బస్సుకి పరిగెత్తుతూ, జడ వేస్తూ, అంట్లు తోముతూ నేర్పింది. తనకి చదువెలాగూ లేదు, కనీసం పిల్లకి పద్ధతి ఉందనిపించుకోవాలని ఆరాటం. కానీ ఏవి వేసి ఇవ్వకూడదో చెప్పలేదు. ఎవరి చేతిలోనైనా నువ్వులు పెట్టడమంటే చావు ఇంట్లో చేసే పని. అందులోనూ శనివారం నాడు నువ్వులు ఇస్తే తన మీదున్న శనిని వాళ్ళ నెత్తిన పెట్టినట్టు. ఆ గిన్నె మీద ఏం చెక్కి ఉందో కూడా గుర్తొచ్చింది. "కె. వెంకటరమణ" అని, ఇల్లు కట్టుకున్నప్పటి తారీఖుతో సహా. మంచాన పడ్డ మనిషి పేరున్న గిన్నె. దాన్నిండా నల్లనువ్వులు.

చెయ్యి పైకి లేచింది. సాయిదివ్య కళ్ళు మూసుకుంది. ఆ చేతికి కొట్టే ఓపిక కూడా లేకపోయింది. కిందికి దిగి, పిల్ల తల మీద ఆగింది. ఒక జడ అల్లి ఉంది, ఒకటి లేదు. నిన్నటిదే.

"పద" అంది.

"ఎక్కడికి?"

"మామ్మగారింటికి. దారిలో చెప్తాను."

చిన్నుని ఎత్తుకుని బయల్దేరారు. ఇంకా వెలుగుంది. గోదారి మీంచి తడిగాలి వస్తోంది. ఉన్నవి రెండిళ్ళే. అందుకని దుర్గాశ్రీ మెల్లగా నడిచింది, చెప్పాల్సింది చాలా ఉందని.

"వెళ్ళగానే నువ్వు, 'తెలియక చేశానండి మామ్మగారూ, తప్పయిపోయింది' అనాలి."

"సారీ అంటే చాలదా?"

"సారీ అంటే ఊరికే అన్నట్టుంటుంది. కాళ్ళకి దణ్ణం పెట్టు."

"ముందు దణ్ణమా, ముందు మాటా?"

"మాట." ఆగింది. "కాదు, దణ్ణం." నిజానికి ఆమెకీ తెలీదు. ఎవరికైనా క్షమాపణ ఎలా చెప్పాలో తనకెవరూ నేర్పలేదు. తప్పు చేస్తే దెబ్బలు తినేది. దెబ్బలతో సరిపోయేది.

గేటు దగ్గర పిట్టగోడ మీద గిన్నె అలాగే ఉంది, ప్లేటూ రాయితో సహా. పారబొయ్యడానికి భయం, లోపల పెట్టుకోవడానికి భయం. మూడు రోజుల నుంచీ ఇంటికీ వీధికీ మధ్య ఉంచేశారు పాపం.

సత్యవతమ్మగారు వరండాలో భర్త పంచె ఆరేస్తున్నారు. చూశారు. రమ్మనలేదు.

"ఏంటమ్మా?"

ఎప్పుడూ "ఏవే దుర్గా" అనే మనిషి. దుర్గాశ్రీ నోరు తెరిచింది. దారి పొడుగునా పిల్లకి నేర్పిన మాటల్లో ఒక్కటీ తనకి దొరకలేదు. "పిన్నిగారూ, అదీ... గిన్నె..." అంది.

సాయిదివ్య ముందుకొచ్చింది. దణ్ణమూ లేదు, నేర్పిన మాటా లేదు.

"మామ్మగారూ, మా అమ్మకి తెలీదండి. నేనే వేశానండి. గిన్నె ఖాళీగా ఇవ్వకూడదు కదండీ. మా ఇంట్లో పంచదార లేదండి. నువ్వులు మంచివే అనుకున్నానండి. మా అమ్మ నాకు చిమ్మిలి చేస్తానంది కదా, నాకు పెట్టేవి మంచివే కదా అని మీకు వేశానండి."

పంచదార లేదన్న మాటకి దుర్గాశ్రీ తల దించుకుంది. వీధి వీధంతా విన్నట్టు అనిపించింది.

సత్యవతమ్మగారు పంచె దండెం మీద వేసి మడతలు సరిచేశారు. చాలాసేపు సరిచేశారు. తర్వాత ఇటు తిరిగారు.

"చిన్నపిల్ల. దానికేం తెలుసు, దాని మీద నాకు కోపం లేదు. మరి నీకేమైంది?"

"నాకు ఇందాకే తెలిసిందండి పిన్నిగారూ, ఒట్టు."

"నువ్వుల సంగతి కాదు. ఆదివారం అంతా ఇంట్లోనే ఉన్నావు. సోమవారం కుదరదన్నాను. మంచాన పడ్డ మనిషున్న ఇల్లు కదా, కుదరదంటే బాబాయిగారికి ఎలా ఉందోనని ఒక్క మాట అడగొద్దా? 'సరేలెండి' అని పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయావు. ఇవాళా అంతే. గిన్నె మూత తీసి చూసి శనివారం నా గుండె జారిపోయింది. పొరపాటై ఉంటుందిలే, దుర్గ వచ్చి అడిగితే చెప్దాం అనుకున్నాను. నువ్వడక్కపోయేసరికి, తెలిసే పంపిందేమో అనిపించింది."

"అయ్యో, అంత మాట..."

"నాలుగు నెలలైంది. ఒక్కరోజు నా ఇంట్లో కూర్చున్నావా నువ్వు? గుమ్మంలో పిల్లాణ్ణి దింపడం, పరుగు. గుమ్మంలో ఎత్తుకోవడం, పరుగు. గిన్నెలు కూడా పిల్లతోనే పంపుతావు."

దుర్గాశ్రీకి చెప్పుకోవడానికి చాలా ఉన్నాయి. బస్సు ఉంది, ఒక్క హారనే ఉంది, సాయంత్రం కాళ్ళ నొప్పులున్నాయి, ఒంటి మీద రొయ్యల వాసనతో ఒకరింట్లో కూర్చోవాలంటే సిగ్గు ఉంది. అవేమీ రాలేదు.

"భయమేసిందండి" అంది. "ఎందుకని అడిగితే, ఇంక ఎప్పుడూ తీసుకురావొద్దంటారేమోనని. మీరు వద్దంటే ఇది బడి మానెయ్యాలి. నేనూ ఇలాగే మానేశానండి. తమ్ముణ్ణి చూసుకుంటానికి." సాయిదివ్య భుజం పట్టుకుంది. "రేపు దీనికి పరీక్షండి."

చిన్ను చంకలోంచి కిందికి జారి, అలవాటైన దారే కదా, లోపలికి వెళ్ళిపోయాడు. కిటికీ లోంచి ముద్దముద్దగా ఏదో వినిపించింది.

సత్యవతమ్మగారు చెవి అటు పెట్టారు. మొహం చిట్లించారు. "ఏంటండీ?"

మళ్ళీ అదే ముద్ద మాట.

"ఏమంటున్నారండి బాబాయిగారు?" అంది దుర్గాశ్రీ భయంభయంగా. అడిగాక గాని తను అడిగినట్టు ఆమెకి తెలియలేదు.

"ఏముంది, వేళాకోళం. నువ్వులు పంపారు సరే, బెల్లం ఏదీ అంటున్నారు." ఆవిడ కిటికీ వైపు తిరిగి గదమాయించారు. "మీకు నవ్వులాటగా ఉంది. నాకు మూడు రోజుల నుంచి ముద్ద దిగట్లేదు ఇక్కడ."

కిటికీ లోంచి ఈసారి కొంచెం స్పష్టంగానే వచ్చింది. "మూడ్రోజులైంది కదే. పోలేదు... కదా నేను."

సాయిదివ్యకి నవ్వొచ్చింది. పెద్దవాళ్ళ మాటలకి నవ్వకూడదని గుర్తొచ్చి చేత్తో నోరు మూసుకుంది. కిటికీ లోపల ఆయనా నవ్వుతున్నారు, మూతి ఒక్క పక్కకే సాగి. సత్యవతమ్మగారు నవ్వలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

"ఆయనకి చిమ్మిలంటే ప్రాణం" అన్నారు. "చూడు దుర్గా. ఆ నువ్వులు నువ్వులుగా నా గడప దాటి లోపలికి రావడానికి వీల్లేదు. నన్ను చాదస్తం అనుకో, ఏమన్నా అనుకో. తీసుకెళ్ళి, మీ ఇంట్లో బెల్లం వేసి దంచి, ఉండలు చేసి పట్రా. బెల్లం కలిశాక దోషం లేదు. అది తినే వస్తువు."

"అలాగేనండి."

గిన్నె సాయిదివ్య తీసుకుంది. రాయి కింద పెట్టి, ప్లేటు పక్కన పెట్టి, రెండు చేతులా పట్టుకుంది. గేటు దాకా వెళ్ళాక దుర్గాశ్రీ ఆగింది. ఇదివరకైతే ఇంక మాట్లాడకుండా వెళ్ళిపోయేది. వెనక్కి తిరిగింది.

"పిన్నిగారూ, రేపు చిన్నుని తీసుకురానా అండి?"

"తీసుకురా. గుమ్మంలో దింపి పారిపోయేటట్టయితే మాత్రం తేకు."

ఇంటికొచ్చి నువ్వులు వేయించింది. మిక్సీ తిప్పితే పొడి పొడిగా వస్తుందని చిన్న రోట్లో దంచింది. పొద్దుట్నుంచీ రొయ్యలు తీసిన చేతులు, ప్రతి పోటుకీ మణికట్టు దగ్గర సలుపు. సాయిదివ్య బెల్లం తరిగి ఇస్తూ, పక్కన సోషల్ పుస్తకం పెట్టుకుని చదువుతోంది. మధ్యలో తలెత్తి అడిగింది.

"అమ్మా, ఇంకా ఏమేం వేసి ఇవ్వకూడదు?"

"ఉప్పు. చేతిలో అసలు పెట్టకూడదు."

"ఇంకా?"

దుర్గాశ్రీ ఆలోచించింది. "నూనె, అనుకుంటా. శనివారం."

"పసుపు?"

"పసుపు ఇవ్వచ్చు. సాయంత్రం పూట ఇవ్వకూడదంటారు." రోకలి ఆపింది. "ఏమోనే, నాకూ అన్నీ తెలీవు. తెలీకపోతే మామ్మగారినే అడుగు. అడిగితే ఏమీ అనుకోరు."

చీకటి పడేలోపే గిన్నె వెనక్కి వెళ్ళింది, ఉండలతో. సాయిదివ్య మోసింది, దుర్గాశ్రీ పక్కన నడిచింది. డబ్బాలో మిగిలిన గుప్పెడు కూడా కలిపేసింది గనక రెండు ఉండలు పిల్లకీ మిగిలాయి.

మర్నాడు ఆరింటికే సత్యవతమ్మగారి ఇంట్లో కుర్చీలో కూర్చుంది దుర్గాశ్రీ. అంచుమీద, లేవడానికి సిద్ధంగా. చిన్ను అప్పటికే మంచం దగ్గర చేరి వెంకటరమణగారి చేతి వేళ్ళు ఒక్కొక్కటే లాగుతున్నాడు. సత్యవతమ్మగారు టీ ఇచ్చారు.

"బాబాయిగారూ, ఎలా ఉందండి?"

ఆయన ఎడం చెయ్యి ఎత్తి, రెండు వేళ్ళు చూపించారు.

"రెండు తిన్నారు రాత్రి" అన్నారు సత్యవతమ్మగారు. "అరక్కపోతే నీదే పూచీ." ఆవిడ మాత్రం ఒక్కటీ నోట్లో వేసుకోలేదట.

టీ వేడిగా ఉంది. ఊదుకుంటూ రెండు గుక్కలు తాగింది. ఆయనకి పడుకుని పడుకుని వీపు పట్టేస్తోందంట, డాక్టరుగారు కాకినాడ తీసుకెళ్ళమంటున్నారంట, ఆటోలో కూర్చోలేరంట. నాలుగు నెలలుగా పక్కనే ఉండి ఇవేవీ తనకి తెలియవు. గ్లాసు సగం ఉండగా మలుపులో హారన్ మోగింది.

దుర్గాశ్రీ వాకిలి వైపు చూసింది. సత్యవతమ్మగారి వైపు చూసింది. ఆవిడ వీపు నొప్పి గురించి చెప్తూనే ఉన్నారు. మాట మధ్యలో లేవకూడదు. తనే నేర్పింది పిల్లకి.

అప్పుడు వీధిలోంచి గొంతు వినిపించింది. సాయిదివ్య. యూనిఫాంలో, రెండు జడలూ వేసుకుని, పుస్తకాల సంచి ఎగురుతుంటే మలుపు వైపు పరిగెడుతోంది.

"అంకుల్! ఒక్క నిమిషం ఆగండంకుల్, ప్లీజ్! మా అమ్మ టీ తాగుతోందండి. వచ్చేస్తుందండి!"

బస్సు లోపల్నుంచి నాగలక్ష్మి పెద్ద గొంతు. "ఏవమ్మోయ్, మహారాణీగారు టీ తాగుతున్నారంట!" ఆడవాళ్ళ నవ్వులు. బస్సు ఇంజను గుర్రుమంటూ అలాగే ఉంది. కదల్లేదు.

దుర్గాశ్రీ మిగిలిన టీ తాగింది. నాలిక కాలింది. లేచి, గ్లాసు కడిగి బోర్లించబోతే, "ఉంచవే, వెళ్ళు" అన్నారు సత్యవతమ్మగారు.

"వెళ్ళొస్తానండి పిన్నిగారూ. సాయంత్రం వచ్చి బాబాయిగారికి వీపు కాపడం పెడతాను."

పెట్టగలనో లేదో, సాయంత్రానికి ఆ ఓపిక మిగులుతుందో లేదో ఆమెకే తెలీదు. క్యారేజీ సంచి భుజాన వేసుకుని బయటికి నడిచింది.